కొత్త నగరంలో ఉద్యోగ వేట: తెలిసినవాళ్లు లేనప్పుడు పరిచయాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

నిశ్శబ్దతీరం:
యంత్ర భాగాలు తయారుచేసే పరిశ్రమల్లో క్వాలిటీ ఇంజనీరుగా పనిచేస్తూ వచ్చిన నేను, మావారికి బదిలీ కావడంతో ఉద్యోగం వదులుకొని, తెలిసినవారెవరూ లేని నగరానికి ఈమధ్యనే వచ్చాను. జాబ్ పోర్టళ్లలో దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను. దరఖాస్తు అందినట్టు యంత్రం పంపే జవాబు తప్ప ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. నెట్‌వర్క్ పెంచుకోవాలని ప్రతివారూ సలహా ఇస్తున్నారు గానీ, ఎలా పెంచుకోవాలో ఎవరూ చెప్పడం లేదు. పాత ఊళ్లో నా పరిచయాలన్నీ పని చేసుకుంటూ పోతుండగా వాటంతటవే ఏర్పడ్డాయి. ఇక్కడ పరిచయాలు లేక పని దొరకడం లేదు, పని లేక పరిచయాలు ఏర్పడడం లేదు. పైగా నేను స్వభావరీత్యా మితభాషిని. ముక్కూ మొహం తెలియని మనిషికి సందేశం పంపి సాయం కోరడమంటే చేయి చాచినట్టే అనిపిస్తోంది. ఇటువంటి స్థితిలోంచి నెగ్గుకొచ్చినవారు ఎవరైనా ఉంటే, మొదటి అడుగు ఎటు వేశారో చెప్పగలరా?

వలసపక్షి:
మొదటి అడుగు పాత నగరం వైపే వేయండి. మీతో కలిసి పనిచేసి మానేసినవాళ్లు, చదువుకునే రోజుల్లోని సీనియర్లు, మీ ప్లాంటుకు సరుకు సరఫరా చేసిన సంస్థల ప్రతినిధులు, వీరిలో ఎవరెవరు ఇప్పుడు మీరున్న నగరానికి చేరారో వెతకండి. లింక్డిన్‌లో మీ కళాశాల పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల విభాగంలోకి వెళ్తే, ఎవరు ఏ నగరంలో, ఏ సంస్థలో ఉన్నారో విడదీసి చూపిస్తుంది. తెలిసినవారెవరూ లేరని మీరు అనుకుంటున్నారు గానీ, వెతికి చూస్తే ఎవరో ఒకరు తప్పకుండా తేలతారు.

సూదిమొన:
ఆ విభాగం నేనూ చూశాను. మా కళాశాల వాళ్లు కుప్పలుగా కనిపించారు. వాళ్లలో ఒక్కరికీ నేనెవరో తెలియదు. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లినంత మాత్రాన బంధుత్వం కలవదు కదా. ఉద్యోగాలు దొరికేది దగ్గరివాళ్ల ద్వారానే, మిగతాదంతా కాలక్షేపం.

అడుగుజాడ:
సూదిమొన గారి మాట వినడానికి నిజమే అనిపిస్తుంది గానీ, అడిగి చూసినవారికి వచ్చిన జవాబు వేరు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిని పట్టుకొని, ఆ కబురు అందించిన మనిషిని ఆ రోజుల్లో మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. 1973లో ఆయన ప్రచురించిన వ్యాసం ప్రకారం, వారానికి కనీసం రెండుసార్లు కలిసేవాళ్లమని చెప్పినవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు 55.6 శాతం, ఏడాదికి ఒకసారో అంతకంటే తక్కువో కలిసేవాళ్లమన్నవారు 27.8 శాతం. మన ఆప్తులు తిరిగేచోటే మనమూ తిరుగుతాం కాబట్టి వాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్తుడు వేరేచోట తిరుగుతాడు కాబట్టి, మన చెవిన పడని మాట అతని చెవిన పడుతుంది.

సూదిమొన:
ఆ శాతాలు ఎంతమందిని అడిగి తేల్చినవో కూడా చెప్పండి. 54 మందిని. అదీ అమెరికాలో ఒక శివారు పట్టణంలో, వృత్తి ఉద్యోగాల్లో ఉన్న మగవాళ్లను, యాభై ఏళ్ల కిందట. నిశ్శబ్దతీరం గారి ఇబ్బందికి అది ఎంతవరకు వర్తిస్తుంది?

అడుగుజాడ:
అభ్యంతరం న్యాయమైనదే. అందుకే 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనాన్ని కూడా దానికి జతచేసి చూడాలి. లింక్డిన్‌లో “వీరు మీకు తెలిసి ఉండవచ్చు” అంటూ సూచించే పేర్లను ఒక్కో సభ్యుల బృందానికి ఒక్కో రకంగా మార్చి చూపుతూ, ఐదేళ్ల కాలంలో రెండు కోట్ల మందిపై జరిగిన ప్రయోగాల ఫలితాలవి. ఉద్యోగం మారడానికి దగ్గరివాటికంటే దూరపు పరిచయాలే ఎక్కువ తోడ్పడ్డాయని వాటిలో తేలింది. అయితే బొత్తిగా సంబంధం లేనివారికంటే, ఉమ్మడి పరిచయస్తులు కొద్దిమందైనా ఉన్న మధ్యరకం పరిచయాలు ఎక్కువ ఫలించాయి. ఇంకో మెలిక కూడా ఉంది: కంప్యూటర్ల మీద ఎక్కువగా ఆధారపడే రంగాల్లో దూరపు పరిచయాలు, అంతగా ఆధారపడని రంగాల్లో దగ్గరి పరిచయాలు అక్కరకొచ్చాయి.

గుంపులో_ఒకడు:
ఆ రెండు కోట్ల మందిలో నేనూ ఉన్నానేమో. ఒకప్పుడు నాకు మా పాత ఇంటి యజమానిని పదే పదే చూపించేది. దానివల్ల శాస్త్రానికి ఏం ఒరిగిందో తెలియదు గానీ, నాకు మాత్రం బాకీ పడిన అద్దె గుర్తొచ్చేది.

సూదిమొన:
అంటే ఉత్పత్తి రంగంలో ఉన్న నిశ్శబ్దతీరం గారి విషయంలో నా మాటే నెగ్గిందన్నమాట.

కొలతబద్ద:
ఎవరి మాట నెగ్గిందన్నది పక్కన పెట్టి, ఆవిడ రంగంలో కబుర్లు ఏ దారిన నడుస్తాయో చూద్దాం. కొలత పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో సరిచూసే క్యాలిబ్రేషన్ ల్యాబులో నేను పనిచేస్తాను. ప్లాంట్లవాళ్లు వెర్నియర్లు, మైక్రోమీటర్లు, గేజీలు మాకు పంపుతారు. తయారైన భాగాల కొలతలు కచ్చితంగా తీసే సీఎంఎం వంటి కదపలేని యంత్రాల కోసం మేమే వెళ్తాం. మేము ఏ ఒక్క ప్లాంటుకూ చెందినవాళ్లం కాదు, అన్నింటికీ రాకపోకలు ఉన్నవాళ్లం. ఏ ప్లాంటులో క్వాలిటీ మేనేజరు రాజీనామా ఇచ్చారో, ఎక్కడ కొత్త లైన్ వేస్తున్నారో, ఎక్కడ కస్టమర్ ఆడిట్ దగ్గరపడి మనుషుల కోసం తొందరపడుతున్నారో, హెచ్‌ఆర్ వారి ప్రకటన వెలువడడానికి ముందే చాలాసార్లు మాకు తెలుస్తుంది. కొలత పరికరాలు అమ్మే సేల్స్ ఇంజనీర్లు, ఐఎస్ఓ 9001 అనే నాణ్యతా నిర్వహణ ప్రమాణాన్ని తనిఖీ చేసే ఆడిటర్లు, సరుకు పంపే ముందు తనిఖీ చేసే ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీల మనుషులు కూడా ఇలా ప్లాంటు ప్లాంటుకూ తిరిగేవాళ్లే.

నిశ్శబ్దతీరం గారూ, మీ పాత ప్లాంటులో మైక్రోమీటరుకు అంటించి ఉండే స్టిక్కరును ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారో, మళ్లీ ఎప్పుడు చేయించాలో, సర్టిఫికెట్ సంఖ్య ఎంతో దానిమీద ఉంటుంది. ఆ సర్టిఫికెట్ తీస్తే ల్యాబు పేరు, సంతకం చేసినవారి పేరు కనిపిస్తాయి. మీరు ఎన్నోసార్లు ఫైలు చేసిన కాగితమే అది. ఆ ల్యాబుకు మీ నగరంలో శాఖ ఉందేమో చూడండి, లేకపోతే ఇక్కడ తెలిసిన ల్యాబు ఏదని వాళ్లనే అడగండి. ఒక్క జాగ్రత్త మాత్రం పాటించాలి. ఆడిటర్లకూ మాకూ గోప్యతా నిబంధనలు ఉంటాయి; ఫలానా ప్లాంటులో ఏ లోపాలు దొరికాయని అడిగితే ముడుచుకుపోతాం. మనుషుల్ని తీసుకుంటున్నారా అని అడిగితే మాత్రం తెలిసినంతవరకు సంతోషంగానే చెబుతాం.

చిట్టాపద్దు:
మా అకౌంట్స్ రంగంలోనూ ఇదే తంతు. పది సంస్థల పుస్తకాలు చూసే ఆడిట్ సంస్థల కుర్రవాళ్లకు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమర్చడానికి వచ్చేవాళ్లకు తెలిసినన్ని ఖాళీలు ఏ పోర్టల్‌కూ తెలియవు. నగరం మారినప్పుడు నాకు ఉద్యోగం చూపించింది సాఫ్ట్‌వేర్ అమర్చే అబ్బాయే; అతని ఇంటి పేరు కూడా నాకు అప్పటికి తెలియదు.

నిశ్శబ్దతీరం:
కొలతబద్ద గారూ, రోజూ చేతిలో పట్టుకున్న కాగితాన్ని నేను ఈ కోణంలోంచి ఎన్నడూ చూడలేదు. ల్యాబు పేరు గుర్తుంది, ఇక్కడ శాఖ కూడా ఉంది. పంపడానికి ఈ సందేశం రాసుకున్నాను, దయచేసి చూడండి:

“నమస్కారం సర్. నేను క్వాలిటీ రంగంలో అనుభవం ఉన్న ఇంజనీరును. మీ నగరానికి కొత్తగా వచ్చాను. మీ సంస్థలో గానీ, మీకు తెలిసిన మరే సంస్థలో గానీ నాకు తగిన అవకాశం ఉంటే దయచేసి తెలియజేయగలరు. నా రెజ్యూమె జతచేస్తున్నాను. మీ సహాయానికి సదా కృతజ్ఞురాలిని.”

ఎర్రసిరా:
నేను నియామకాల విభాగంలో పనిచేస్తాను. ఇటువంటి సందేశాలు వచ్చినప్పుడు మేము జవాబు ఇవ్వకపోవడానికి పొగరు కారణం కాదు. “మీకు తెలిసిన మరే సంస్థలో గానీ” అన్నచోట మీరు ఆయనకు పెద్ద పని అప్పగించారు. ఆయన మీ రెజ్యూమె చదవాలి, మీకు ఏది తగుతుందో ఆలోచించాలి, తనకు తెలిసినవారందరినీ తలచుకోవాలి, ఆపైన వారిలో ఒకరికి ఫోన్ చేయాలి. తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడతారు, ఆ తీరిక ఎన్నటికీ దొరకదు. నిలబడిన చోటే నిలబడి జవాబు చెప్పగలిగిన ప్రశ్న అడిగితే, ఆ మనిషే అప్పటికప్పుడు బదులిస్తారు. నేనైతే ఇలా రాస్తాను:

“సర్, నా పాత ప్లాంటులో గేజీల క్యాలిబ్రేషన్ మీ ల్యాబే చేసేది, ఆ సర్టిఫికెట్లు సరిచూసే బాధ్యత నాది. ఈమధ్యే ఈ నగరానికి వచ్చాను. ఇక్కడి మెషీనింగ్ ప్లాంట్లలో సొంత సీఎంఎం ఉన్నవి ఏవో రెండు మూడు పేర్లు చెప్పగలరా? వాటిలో క్వాలిటీ ఉద్యోగానికి ప్రయత్నించాలనుకుంటున్నాను.”

మీరు ఎవరో మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది, ఏ పని వచ్చో అడిగిన ప్రశ్నలోనే తెలిసింది. రెజ్యూమె ఆయన అడిగినప్పుడు పంపండి. లింక్డిన్‌లో పరిచయ అభ్యర్థనతో పాటు రాసే సందేశానికి అక్షరాల పరిమితి ఉంటుంది కాబట్టి, అక్కడ పంపేటట్టయితే ఇంకా కుదించాలి.

వెనకబెంచీ:
నాకు ఈ పద్ధతి నచ్చలేదు. లోపల ఉద్యోగం కావాలని పెట్టుకొని పైకి సమాచారం అడుగుతున్నట్టు నటించడం దేనికి? అడగందే అమ్మైనా పెట్టదు. నేను ఎప్పుడూ నేరుగానే అడిగాను, నేరుగానే దొరికింది.

ఎర్రసిరా:
వెనకబెంచీ గారూ, చివరి వాక్యం మరొకసారి చదవండి, దాచిపెట్టింది ఏదీ లేదు. మీరు నేరుగా అడిగినవాళ్లు మీ పనిని ముందే చూసినవాళ్లయి ఉంటారు. వాళ్లను అలాగే అడగాలి, డొంకతిరుగుడు మాటలు చెబితే వాళ్లకే చిరాకు వేస్తుంది. మీ పని ఎలా ఉంటుందో చూడని మనిషిని మాత్రం, తన పేరు పణంగా పెట్టమని మొదటి సందేశంలోనే అడగకూడదు.

వెనకబెంచీ:
ఆ తేడా ఒప్పుకుంటాను. నేను అడిగిందల్లా నాతో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్లనే.

అడుగుజాడ:
చేయి చాచినట్టు అనిపిస్తోందన్న మాట గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫ్లిన్, లేక్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొత్తవారిని సాయం అడగబోయేవాళ్లను ఎంతమంది ఒప్పుకుంటారో ముందుగా అంచనా వేయమన్నారు. నిజంగా అడిగి చూశాక, ఒప్పుకున్నవాళ్లు ఆ అంచనాలకంటే చాలా ఎక్కువమంది తేలారు. కాదనడం ఎదుటివారికి ఎంత ఇబ్బందో అడిగేవాళ్లు లెక్కలోకి తీసుకోరన్నది వారి వివరణ.

సూదిమొన:
ఆ ప్రయోగాల్లో అడిగింది ఏమిటి? ఒక ప్రశ్నపత్రం నింపమని, ఒక్క ఫోన్ చేసుకోవడానికి సెల్‌ఫోన్ ఇమ్మని. ఉద్యోగం ఇప్పించమని కాదు.

అడుగుజాడ:
అందుకే కదా ఎర్రసిరా గారు రెండు మూడు పేర్లు మాత్రమే అడగమన్నది!

సూదిమొన:
ఈ ఒక్కసారికి నోరు మూసుకుంటాను.

గుంపులో_ఒకడు:
ఈ వాక్యాన్ని ఎవరైనా భద్రపరచండి.

చిట్టాపద్దు:
మితభాషినని చెప్పారు కాబట్టి నా అనుభవం ఒకటి చెబుతాను. వృత్తి సంఘాల సమావేశాలకు వెళ్లినప్పుడు నేను వెనక గోడకు ఆనుకొని నిలబడి, సెల్‌ఫోన్ చూసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చేవాణ్ని. ఒకసారి నిర్వాహకులకు మనుషులు చాలక, వచ్చినవారి పేర్లు రాసుకొని బ్యాడ్జీలు ఇచ్చే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఆ రోజు వచ్చిన ప్రతివారూ నా ముందుకే వచ్చి, తమ పేరూ సంస్థా చెప్పి వెళ్లారు. నేను కల్పించుకొని ఒక్కరినీ పలకరించలేదు. విరామంలో వాళ్లే వచ్చి, మరుగుదొడ్డి ఎటు అని మొదలుపెట్టి, మీరు ఎక్కడ పనిచేస్తారన్న దాకా వచ్చారు. మీ రంగంలో 1946 నుంచి నడుస్తున్న అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ ఉంది. ప్రాజెక్టుల వైపు వెళ్లాలనుకుంటే 1969లో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండింటికీ పలు నగరాల్లో స్థానిక శాఖలున్నాయి, వాటిని నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. బల్ల దగ్గర కూర్చుంటానని ముందుకొస్తే వద్దనేవారు ఉండరు.

సూదిమొన:
నోరు మూసుకుంటానన్నాను గానీ, ఇది చెప్పక తప్పదు. అటువంటి సమావేశాల్లో ఉద్యోగం ఇచ్చేవాళ్లకంటే వెతుక్కునేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఆకలిగొన్నవాళ్లంతా ఒకచోట చేరి వంటలు వర్ణించుకున్నట్టు ఉంటుంది.

వలసపక్షి:
వెతుక్కునేవాళ్లు పనికిరారని ఎందుకు అనుకుంటారు? తనకు సరిపోని ఉద్యోగం గురించి చెప్పేది వాళ్లే, ఫలానా సంస్థ ఇంటర్వ్యూలో ఏం అడిగారో దాపరికం లేకుండా చెప్పేదీ వాళ్లే. పైగా వాళ్లు ఎల్లకాలం వెతుక్కుంటూ ఉండిపోరు. ఒక్కొక్కరూ ఒక్కో సంస్థలో కుదురుకుంటారు. నేను నగరం మారిన కొత్తలో నాతో పాటు ఖాళీగా ఉన్నవాళ్లతో ఒక వాట్సాప్ గుంపు ఏర్పడింది. తర్వాతి రోజుల్లో మాలో సగంమందిని లోపలికి లాగింది మాలోని మిగతా సగమే.

గుంపులో_ఒకడు:
అటువంటి గుంపుల్లోకి ఇంకో రకం మనుషులు కూడా చొరబడతారు. ఉద్యోగం ఖాయం చేస్తానంటూ రిజిస్ట్రేషన్ కోసమో, శిక్షణ కోసమో, పత్రాల పరిశీలన కోసమో డబ్బు అడిగేవాళ్లు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా మారుమాట లేకుండా బ్లాక్ చేయండి.

ఎర్రసిరా:
వలసపక్షి గారు లోపలికి లాగడం గురించి చెప్పారు కాబట్టి, రెఫరల్, అంటే సంస్థలోని ఉద్యోగి మీ పేరు సిఫారసు చేయడం, లోపల ఎలా నడుస్తుందో వివరిస్తాను. బయటివాళ్లు చాలామంది దాన్ని మంత్రదండం అనుకుంటారు. చాలా సంస్థల్లో ఉద్యోగి తన ఖాతాలోంచి మీ పేరు, ఈమెయిల్, రెజ్యూమె నమోదు చేసి, ఏ ఖాళీకో ఎంచుకోవాలి. ఈ మనిషి మీకు ఎలా తెలుసు, కలిసి పనిచేశారా అన్న ప్రశ్న కూడా సాధారణంగా ఉంటుంది. అక్కడ “కలిసి పనిచేశాం, ఆడిట్ పత్రాలు తానే చూసేది” అని రాసిన రెఫరల్‌నూ, “లింక్డిన్ ద్వారా తెలుసు” అని రాసిన రెఫరల్‌నూ మేము ఒకే కంటితో చూడం. రెండోది పోర్టల్ దరఖాస్తు కంటే కాస్త ముందు తెరుచుకుంటుంది, అంతే. మొదటిదాని విషయంలో మేనేజరు ఆ ఉద్యోగిని పిలిచి, మనిషి ఎలాంటిదని నోటితో అడుగుతారు, ఆ రెండు నిమిషాల మాటతోనే ఇంటర్వ్యూ దాకా వెళ్లేదీ లేనిదీ తేలిపోతుంది.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. మీరు ముందే పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టి ఉంటే, మీ ఈమెయిల్ అప్పటికే వ్యవస్థలో ఉంటుంది కాబట్టి, చాలాచోట్ల ఆ తర్వాత చేసే రెఫరల్ చెల్లదు. ఉద్యోగికి రావలసిన రెఫరల్ బోనస్ కూడా రాదు. కాబట్టి ఒక సంస్థలో తెలిసినవారు దొరికే అవకాశం ఉందనిపిస్తే, వాళ్లను అడిగాకే దరఖాస్తు పెట్టండి.

వెనకబెంచీ:
ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే నా స్నేహితుడికి బోనస్ దక్కేది. ఆయన ఇప్పటికీ దెప్పిపొడుస్తూ ఉంటాడు.

కొలతబద్ద:
సాయం చేసినవాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. నేను ఫలానా ప్లాంటు పేరు చెప్పాక, అక్కడ ఏమైందో తిరిగి చెప్పేవాళ్లు చాలా తక్కువ. పిలిచారా, తిరస్కరించారా, అసలు వెళ్లారా అన్నది నాకు తెలియదు. ఉద్యోగం రాకపోయినా సరే, “మీరు చెప్పినవారితో మాట్లాడాను, ప్రస్తుతానికి ఖాళీ లేదన్నారు” అని ఒక్క వాక్యం రాసినవాళ్లు నాకు గుర్తుండిపోతారు, మరో ఖాళీ గురించి విన్నప్పుడు వాళ్లకే ఫోన్ చేస్తాను. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ల నంబరు మాత్రం నా దగ్గర ఉన్నా వెతకబుద్ధి కాదు.

నిశ్శబ్దతీరం:
అందరి సలహాల తర్వాత జరిగింది చెబుతాను. ఎర్రసిరా గారు దిద్దిన సందేశాన్ని ల్యాబుకు పంపాను. ల్యాబు వారు మరునాడే జవాబిచ్చి, మూడు ప్లాంట్ల పేర్లతో పాటు వాటిలో ఒకచోట పనిచేసే సప్లయర్ క్వాలిటీ ఇంజనీరు (సరఫరాదారుల సరుకు నాణ్యత చూసేవారు) ఫోన్ నంబరు కూడా, ఆ ఇంజనీరు అనుమతి తీసుకొని మరీ, ఇచ్చారు. ఆ ఇంజనీరుతో మాట్లాడాను. మాటలు త్వరగానే పీపాప్ పత్రాల (భాగాల ఉత్పత్తికి కొనుగోలుదారు ఆమోదం కోసం సరఫరాదారు ఇచ్చేవి) మీదికి, కొత్త సరఫరాదారు పంపిన మొదటి నమూనాలను ఎలా సరిచూసేదాన్నన్న దాని మీదికి మళ్లాయి. ఆ తర్వాత నాకు మొహమాటం గుర్తుకు రాలేదు. కొత్త లైన్ మొదలయ్యాక వారి విభాగంలో ఒక స్థానం తెరుస్తారని, అప్పుడు నా పేరు పెడతానని అన్నారు. కొలతబద్ద గారు చెప్పినట్టే ఈ విషయం ల్యాబు వారికి తిరిగి రాశాను. ఇప్పుడు నా సందేహం ఇది: అదే ప్లాంటులో ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్‌కు, అంటే బయటినుంచి వచ్చే సరుకు తనిఖీకి, వేరే ఖాళీ ఒకటి పోర్టల్‌లో కనిపిస్తోంది. నా అనుభవానికి అది ఒక మెట్టు తక్కువ. దానికి దరఖాస్తు పెట్టమంటారా?

వలసపక్షి:
పెట్టండి. లోపలికి వెళ్లాక మారడం సులభం.

ఎర్రసిరా:
తొందరపడకండి. ముందుగా ఆయనకే ఫోన్ చేసి, ఈ ఖాళీ చూశాను, దీనికి పెడితే మీరు చెప్పినదానికి అడ్డు వస్తుందా అని అడగండి. కొన్ని సంస్థల్లో ఒక దరఖాస్తు తిరస్కరణకు గురైతే కొన్ని నెలలపాటు మరొకదానికి తీసుకోరు. వారి నియమం ఏమిటో లోపలి మనిషికే తెలుస్తుంది. పైగా తక్కువ మెట్టు ఉద్యోగంలో చేరితే, కొత్త స్థానం తెరిచినప్పుడు మిమ్మల్ని వెంటనే మార్చడానికి మేనేజరు ఒప్పుకోకపోవచ్చు. మరొకటి, మీ రెజ్యూమె పైభాగంలో పాత నగరం చిరునామా ఇంకా ఉన్నట్టయితే ఈరోజే మార్చండి, పోర్టల్ ప్రొఫైల్‌లోనూ మార్చండి. మేము అభ్యర్థులను వెతికేటప్పుడు నగరం పేరుతోనే వడపోస్తాం. పాత పేరు ఉంటే మీ దరఖాస్తు మా తెర మీదికే రాదు. ఇన్నాళ్లూ జవాబులు రాకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

నిశ్శబ్దతీరం:
రెజ్యూమెలో మార్చాను గానీ, పోర్టల్ ప్రొఫైల్‌లో పాత నగరమే ఉంది. ఇప్పుడే మారుస్తున్నాను. ఆయనకు రేపు ఉదయం ఫోన్ చేస్తాను.